ఏడవకండి సార్, మా ఊరి పేరు చదవండి

గౌరవనీయులైన మంత్రిగారికి,

కర్నూలు నుంచి శ్రీశైలం డ్యాం నిర్వాసితుల కుటుంబంలో పుట్టినవాణ్ని రాస్తున్నాను. మీరు ముంపు బాధితులతో మాట్లాడ్డానికి వస్తున్నారని విన్నాం, సంతోషం. వచ్చేముందు ఒక సంగతి వినండి.

కొన్నేళ్ల కిందట ఇలాంటి సభే జరిగింది. వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకొని, 'మీ త్యాగం తలచుకుంటే నిద్ర పట్టదు' అంటూ ఏడ్చేశాడు. (త్యాగమంటే మనసారా ఇచ్చేది. 1981లో ఇళ్లు కూలగొట్టి ఖాళీ చేయించిన దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.) ముందు వరసలోని మా అవ్వ లేచి, తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పి ఆయన చేతికిచ్చింది. 'ఊరుకో నాయనా' అనింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన కారెక్కి వెళ్లిపోయాక చూస్తే, అర్జీ అవ్వ కొంగు ముడిలోనే ఉంది. ఆటోలో అవ్వ ఒకటే మాట: 'ఊరు పోయింది మనది, ఓదార్చింది ఆయన్ని.'

2012లో వచ్చిన ఒక మనస్తత్వ పరిశోధన కూడా దీనికి దగ్గరగానే చెప్పింది. ఒక వర్గం ఇంకో వర్గానికి క్షమాపణ చెబుతూ పశ్చాత్తాపం, సిగ్గు లాంటి బరువైన భావాలు ఒలకబోస్తే, నష్టపోయినవాళ్లు క్షమించడానికి ఇంకా వెనకాడతారట. అవతలి గుంపుకు అంత లోతైన మనసు ఉంటుందంటే మనకు ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు మరి. 2008లో ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్, తల్లుల నుంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లలకు పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. చాలామంది కంటతడి పెట్టారు. పరిహారం మాటకు మాత్రం, అప్పుడు లేదన్నారు.

మా నాన్న 98 జీవో ఉద్యోగం (ముంపు కుటుంబాలకు ఇస్తామన్న సర్కారు కొలువు) కోసం తిరిగి తిరిగి వయసు దాటించుకున్నాడు. ఆయనకు ఎవరి కన్నీళ్లూ అక్కర్లేదు. ఇంకా ఎంతమందికి ఇవ్వాలి, ఎప్పటిలోగా ఇస్తారు, ఇవ్వలేకపోతే ఎందుకు? ఇవి చెబితే చాలు.

ఎండాకాలంలో డ్యాం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం వెళ్లి ఫొటోలు దిగుతారు. మా ఊళ్లు బయటపడితే కనబడేవి పునాది రాళ్లే. అందుకే సభ మొదట్లో మునిగిన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదవండి. తర్వాత అర్జీలు తీసుకోండి, ఉపన్యాసం చివర్లో పెట్టుకోండి.

అవ్వ మళ్లీ ముందు వరసలోనే కూర్చుంటుంది. చెవులు సరిగా వినబడవు. కాస్త గట్టిగా చదవండి సార్.

ఇట్లు,
ఒక నిర్వాసితుడి కొడుకు, కర్నూలు