పెళ్లికాని పిల్లకు బలియా తొడిగిన సినిమా

రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది హనుమకొండ, పద్మశాలి ఇల్లు. మా కోడలిది నర్సంపేట దగ్గరి తండా. మొన్న పండుగకు వియ్యపురాలు వస్తే అందరం కలిసి సినిమాకు పోయినం. లంబాడా పిల్ల, తెలుగు పిల్లగాడు, ప్రేమపెళ్లి అని మావాడే టికెట్లు తెచ్చిండు. పేరు రాయను, లేనిపోని లొల్లి నాకెందుకు.

మొదటి పాటకే వియ్యపురాలు కిసుక్కున నవ్వింది. హీరోయిన్ మోచేతి పైన బలియాలు, అంటే తెల్లటి గాజులు! "పెళ్లి గాకముందే బలియా ఏందొదినా, మొగుడేడి?" అన్నది. అవి పెళ్లయిన ఆడవాళ్లు వేసుకునేవని తండాలో చిన్నపిల్లనడిగినా చెప్తది. అద్దాల పేటియా లంగా కిరాయికి తెచ్చినోళ్లకు ఆ ఒక్క ముక్క అడగబుద్ధి కాలేదు.

తర్వాత ఆమె నవ్వలేదు. పిల్ల తల్లికి ఆ సినిమాలో ఉన్నవి నాలుగు మాటలు, నాలుగూ వంకర తెలుగే. హాలంతా పగలబడి నవ్వింది. కోడలు తలొంచుకొని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నది. ఆరేళ్ల మా మనవరాలు మాత్రం తల్లిని "యాడీ, అమ్మమ్మ ఇట్ల మాట్లాడదు గదా?" అని గట్టిగనే అడిగింది.

నాకు మావాడి పెళ్లి యాదికొచ్చింది. అంపకాలప్పుడు కోడలు ఒక్కొక్కరినీ కావలించుకొని ఢావ్లో పాడింది. తల్లిని పట్టుకొని కాసేపు, అన్నను పట్టుకొని కాసేపు, ఏది ఏడుపో ఏది పాటో తెల్వకుంట. మా ఆడబిడ్డ నా చెవిలో "పిల్లకు ఇష్టం లేదా ఏంది?" అన్నది. నిజం చెప్పాలంటే నేనూ బెదిరిన. అది పెళ్లికూతురు పాడే పాట అని మూడోనాడు వియ్యపురాలు చెప్తే గాని మాకు ఎరుక కాలేదు. సినిమాకు ఇంతకన్న మంచి సీను ఏం కావాలె? ఆ జాగల వాళ్లు డీజే పాట పెట్టిండ్రు.

ఇది పదిళ్ల ముచ్చట కాదు సార్. 2011 జనాభా లెక్కల ప్రకారం మన తెలంగాణలో లంబాడాలు 20 లక్షలకు పైనే. అవే లెక్కల్లో వాళ్ల భాష గోర్ బోలీని తీసుకపోయి హిందీ పద్దు కింద వేసిండ్రు. కాగితం మీదనే జాగ లేని భాషకు తెర మీద ఎవరిస్తరు?

సెన్సార్ కేంద్రం చేతిలది, దాని గురించి నేను అడుగుతలేను. ఎవరెట్ల సినిమా తీయాల్నో హుకుం జారీ చేయమనీ అంటలేను. రాష్ట్రం సినిమాలకిచ్చే గద్దర్ అవార్డులు మీ చేతిలనే ఉన్నయి. 2025 జూన్ 14న హైటెక్స్‌లో మొదటిసారి ఇచ్చినప్పుడు జాతీయ సమైక్యత, మత సామరస్యం, బడుగుల అభ్యున్నతి పేరుతో ఒక అవార్డు పెట్టిండ్రు. సంతోషం. ఆ అవార్డుకు లంబాడా, కోయ, గోండు కథలు వచ్చినప్పుడు ఆ భాష తెలిసిన మనిషి ఒక్కరన్నా జ్యూరీలో కూర్చోవాలె. గోర్ బోలీలనో, కోయ భాషలనో సినిమా తీస్తే దానికి వేరే అవార్డు ఉండాలె. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేని భాషల సినిమాలకు జాతీయ అవార్డుల్లో ఎప్పటినుంచో జాగ ఉన్నది. గద్దర్ పేరు పెట్టుకున్న అవార్డుకు అది బరువైతదా?

జ్యూరీకి మనుషులు దొరకరని మీ ఆఫీసర్లు చెప్తే నమ్మకుండ్రి. మా వియ్యపురాలు బస్సు చార్జీలు కూడ వద్దంటున్నది.

ఇట్లు,
ఒక లంబాడా కోడలి అత్త,
హనుమకొండ