యోగా క్లాసులో కుర్చీకీ దిండుకీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి పార్కులో పొద్దున్నే జరిగే ఉచిత యోగా క్లాసుకు అరవై దాటినవాళ్లే ఎక్కువ వస్తారు. మోకాళ్ల నొప్పులున్న ఒకావిడ దుప్పటి మడిచి వేసుకుని కూర్చోబోతే నేర్పేవారు తీయించేశారు, అది అలవాటైతే ఇక నేల మీద కూర్చోలేరట. మర్నాటి నుంచి ఆవిడ రావడం మానేశారు. నాకు చాలా బాధేసింది.

ఆసరా తీసుకుంటే అసలైన యోగా కాదని ఎవరు చెప్పారో గానీ మన సంప్రదాయంలో అలా లేదు. అయ్యప్పస్వామి మోకాళ్ల చుట్టూ ఆసరాగా ఉండే పట్టీ, యోగపట్టం, ఏమిటి మరి? హంపిలో కృష్ణదేవరాయల కాలంలో, 1528లో చెక్కించిన నరసింహస్వామికీ అదే పట్టీ ఉంది. ఇక పుణెలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారైతే ఇటుకలు, తాళ్లు, బెల్టులు, కుర్చీలు అన్నీ వాడి నేర్పారు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయతో చిక్కిపోయిన మనిషి ఆయన, వంగని ఒంటి బాధ ఆయనకు తెలుసు.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదండీ. సుఖాసనంలో కూర్చుంటే వీపు గూనిలా వంగిపోయేవాళ్లకు కింద నాలుగు మడతల దుప్పటి వేస్తే తుంటి మోకాళ్ల కంటే ఎత్తుకు వచ్చి నడుం తేలిగ్గా నిటారుగా నిలుస్తుంది. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో పాదాలు అందకపోతే పాత చున్నీయో కండువాయో పాదాలకు వేసి రెండు కొసలూ పట్టుకుంటే చాలు, నడుం మీద బలవంతం చెయ్యక్కర్లేదు. నిలబడి పక్కకు వంగే త్రికోణాసనంలో చేతి కింద చెక్క దిమ్మ, శవాసనంలో మోకాళ్ల కింద దిండు. కుర్చీతో మాత్రం జాగ్రత్త, తేలికపాటి ప్లాస్టిక్‌ది జారుతుంది, గట్టి ఇనప కుర్చీని గోడకు ఆనించి వాడాలి.

జూన్ 21, యోగా దినోత్సవం వస్తోందంటే చాలు, టీషర్టులూ బ్యానర్లూ అంటూ ఎంతో హడావిడి చేస్తారు. 2025లో విశాఖ తీరంలో లక్షల మందిని కూర్చోబెట్టగలిగిన ప్రభుత్వానికి ఒక్కో పార్కుకి పది కుర్చీలు ఇవ్వడం కష్టమా? యోగా టీచర్లకిచ్చే ట్రైనింగ్‌లో వీటిని వాడటం కూడా నేర్పించాలి.

మీకూ ఒక విన్నపం. మీ ఆరోగ్యం పేజీలో ఎప్పుడూ సన్నగా ఉన్న పాతికేళ్ల అమ్మాయిల ఫొటోలే వేస్తున్నారు, కుర్చీ పట్టుకుని ఆసనం వేసే డెబ్బై ఏళ్ల పెద్దవాళ్ల ఫొటోలు కూడా వేయండి.

ఒక పాఠకురాలు, కాకినాడ