క్వారీ ఫొటో సరే, క్వారీలో మనిషి ఫొటో ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం జిల్లా పేజీలో మా చీమకుర్తి గ్రానైట్ క్వారీ ఫొటో అర పేజీ వేశారు, డ్రోన్‌తో తీసింది, మెట్లు మెట్లుగా దిగిన గుంట, అడుగున పచ్చటి నీళ్ళు, బాగుంది, కాదనను. కానీ మనుషులు యాడున్నారా అని ఫోన్‌లో పెద్దది చేసి చూశా, ఒక మూల పసుపు టోపీలు చుక్కల్లా కనపడినయ్, అంతే. మా ఊరి ఫొటో పేపర్లో పడాలంటే అయితే మంత్రిగారు రావాలి, లేకుంటే బండ జారి ఎవరన్నా పోవాలి, ఇదేం లెక్కండీ?

నేను ఇక్కడ చిన్న ఫొటో స్టూడియో నడుపుతా. ఒడిశా నుంచి, బీహార్ నుంచి పనికొచ్చిన కుర్రోళ్ళు ఐడీ కార్డుకి పాస్‌పోర్ట్ సైజు దిగటానికి మా దగ్గరికే వస్తారు, మన ఊరోళ్ళూ వస్తారనుకోండి. ఇక్కడ తీసే గెలాక్సీ అనే గ్రానైట్ రాయి పాలిష్ పడితే నల్లగా ఉండి మధ్యలో బంగారు చుక్కలు మెరుస్తాయి గానీ దాన్ని కోస్తే వచ్చే పొడి మాత్రం బూడిద రంగు, మొహం ఎంత కడుక్కొచ్చినా కనుబొమ్మల్లో, చెవుల ఎనకాల ఉండిపోద్ది, లైటు పడితే ఇంకా తెల్లగా తేలుద్ది. మేం దాన్ని కంప్యూటర్లో తుడిచేసి నీలం బ్యాక్‌గ్రౌండ్ పెట్టి ఇస్తాం. ఇంక ఆ ఫొటోలో ఆ పిల్లోడు ఏం పని చేస్తాడో, ఎవరి బిడ్డో ఏదీ తెలీదు. కొన్నిసార్లు అదే ఐడీ కార్డు పట్టుకుని తోటోళ్ళు వస్తారు, పెద్దది చేసి ఫ్రేమ్ కట్టియ్యి అన్నా అని. ఎందుకో నేను చెప్పక్కర్లేదు, మర్నాడు మీ పేపర్లోనే వస్తది.

ఈ మధ్య అమెరికాలో ఫ్యాక్టరీల ఊర్లలో తీసిన పాత ఫొటోలు నెట్‌లో చూస్తా ఉంటే మిల్టన్ రొగోవిన్ అని ఒకాయన తగిలాడు. ఉండేది బఫెలో, న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉక్కు మిల్లుల ఊరు. ఆయన కళ్ళు టెస్ట్ చేసి అద్దాలు ఇచ్చే మనిషి. 1957లో నువ్వు కమ్యూనిస్టువంట గదా అని కాంగ్రెస్ (అంటే వాళ్ళ పార్లమెంటు) కమిటీ పిలిపిస్తే ఆయన నోరు విప్పలా, ఊర్లో పేపరు ఈయనే ఇక్కడి నంబర్ వన్ ఎర్రజెండా మనిషి అని రాసేసరికి అద్దాలకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు (పేపర్లో రాస్తే మనిషి బేరం ఎట్టా పోద్దో మీకు తెలీందా). బేరం లేదు గదా, ఖాళీగా ఎందుకని కెమెరా పట్టి 1958లో నల్లోళ్ళ చిన్న చిన్న చర్చిల్లో మొదలుపెట్టాడు. తర్వాత 1972 నుంచి తన షాపుకి దగ్గర్లో ఉన్న లోయర్ వెస్ట్ సైడ్ అనే పేదోళ్ళ పేట. ముందు వీడెవడో పోలీసోడు అనుకున్నారంట. ఈయన ఏం చేశాడంటే తీసిన ప్రతి మనిషికీ ప్రింటు తెచ్చి ఊరికే ఇచ్చాడు, దాంతో నమ్మకం కుదిరింది. ఇట్టా నిలబడు, అట్టా నవ్వు అని చెప్పటం కూడా లేదు, వాళ్ళకి ఎట్టా ఇష్టమైతే అట్టా.

నాకు బాగా పట్టుకుంది ఏందంటే 1976 తర్వాత మిల్లుల్లో తీసినవి. ఒకే మనిషివి రెండు ఫొటోలు పక్కపక్కన పెడతాడు, ఒకటి పనిలో, ఒకటి ఇంట్లో. మొదటి దాంట్లో హెల్మెట్, మసి, అసలు ఆడో మగో కూడా తెలీదు, పక్క దాంట్లో చూస్తే ఒకామె శుభ్రంగా తయారై ఇంట్లో కూచుని ఉంటది, ఆమే ఈమె! పక్కనే లాకవాన్నాలో బెత్లెహెమ్ స్టీల్ ప్లాంట్, ఒకప్పుడు 20 వేల మంది దాకా పనిచేసింది, 1983లో అక్కడ ఉక్కు తియ్యటం ఆపేశారు. మిల్లులు మూతపడ్డాక మనోడు ఆ పాత మనుషుల్నే వెతుక్కుంటా మళ్ళీ పోయాడు, మైఖేల్ ఫ్రిష్ అనే చరిత్ర ప్రొఫెసర్ వాళ్ళ మాటలు రికార్డు చేశాడు, 1993లో రెండూ కలిపి పుస్తకం వేశారు. ఆ పేటలో వాళ్ళ దగ్గరికి కూడా 80ల్లో ఒకసారి, 90ల్లో ఒకసారి, 2000 దాటాక ఇంకోసారి పోయి తీశాడు, చివరిసారికి ఈయన వయసు 90 పైనే. 2011లో 101 ఏళ్ళకి పోయాడు.

యూజీన్ స్మిత్ అని ఇంకా పేరున్నాయన 1955లో పిట్స్‌బర్గ్ అనే ఇంకో ఉక్కు ఊరికి మూడు వారాల పని మీద, 100 ఫొటోలకి ఒప్పుకుని పోయి, దాదాపు 17 వేల నెగిటివ్‌లు తీశాడు. గొప్ప ఫొటోలే, ఆ పొగా ఆ వెలుతురూ మనం తియ్యలేం. అయినా నాకు స్మిత్ ఫొటోల్లో ఊరు కనపడుద్ది, రొగోవిన్ ఫొటోల్లో మా వీధోడు కనపడతాడు.

కాబట్టి సార్, నెలకి ఒక్క ఆదివారం ఆ అర పేజీ మనుషులకి ఇవ్వండి. జాక్‌హామర్ పట్టేవాడు, రాయి కోసే వైర్ సా కాడ నిలబడేవాడు, బ్లాకులు తోలే ట్రెయిలర్ డ్రైవరు, తెల్లారుజామునే క్యారియర్లు కట్టే మెస్ ఆవిడ. పనిలో ఒకటి, ఇంట్లో ఒకటి. వాళ్ళని అడిగి పేరు వెయ్యండి. క్వారీ లోపలికి కెమెరా రానివ్వరంటారా, నిజమే, గేటు కాడే ఆపుతారు, అయితే రూముల దగ్గర మొదలుపెట్టండి, ఆదివారం బట్టలు ఉతుక్కుంటా అక్కడే ఉంటారు. ఇప్పుడు తియ్యకపోతే ఏమవుద్దో మార్కాపురం పోయి చూడండి, బళ్ళో పిల్లలు పలక పట్టటం మానేశాక పలకల పని ఎట్టా పడిపోయిందో, ఆ రాయి కోసి చెక్క ఫ్రేములు బిగించినోళ్ళ ఫొటోలు ఎవరి దగ్గరన్నా ఉన్నాయేమో అడగండి. గ్రానైట్ మటుకు ఎల్లకాలం ఉంటదా ఏంది.

ఇంకోటి, తీసిన ప్రతి మనిషికీ చేతికి ప్రింటు ఇవ్వాల్సిందే, వాట్సప్‌లో పంపితే ఫోన్ పోయిన రోజున అదీ పోద్ది. ప్రింట్లు నేను ఏస్తా, పేపరు ఖర్చు కూడా మీరివ్వక్కర్లా. మొదటి ఫొటో ఎవరిదైనా సరే, క్వారీ ఓనర్లది మటుకు వద్దు, వాళ్ళని ఫ్లెక్సీల మీద రోజూ చూస్తానే ఉన్నాం.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో అతను,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా