కడిగిన ఉప్పు ఎటు పోవాలి మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

దివిసీమ శివారులో నాలుగెకరాలు సొంతం, ఇంకో మూడెకరాలు కౌలు చేసుకునే రైతునండి. నాలుగేళ్లలో ఏడు అర్జీలు పెట్టాను, ఏడింటికీ రసీదులు దాచాను, మూడింటికి "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకి మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కారమైందో చూద్దామని మెసేజ్ వచ్చిన సాయంత్రమే బండేసుకుని మా మురుగు కాలవ సముద్రంలో కలిసే చోటికి, అదే డ్రైన్ మొగ దాకా వెళ్లాను. అక్కడ సముద్రపు నీళ్లని ఆపాల్సిన స్లూయిజ్‌కి తలుపులు లేవు. అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఎనిమిదో అర్జీ ఇంక ఆఫీసులో ఇవ్వాలనిపించలేదండి, అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నా, ఎవరో ఒకరు మీ దాకా చేరుస్తారు కదా అని.

విషయం ఒక్కటే. మా చేలల్లో ఉప్పు. దాన్ని ఎలా కడగాలో మాకు తెలుసు, మీ ఇంజనీర్లకి తెలుసు, వ్యవసాయం వాళ్లకి ఇంకా బాగా తెలుసు. కడిగిన ఉప్పు బయటికి పోయే దారే లేదు. ఏడు అర్జీల్లోనూ రాసింది ఇదే, ఏడుసార్లూ నాకు వచ్చిన జవాబు జిప్సం.

జిప్సం వద్దని నేననట్లేదండి. కానీ దేనికి పని చేస్తుందో ఒకసారి చూడండి. మా పెద్దవాళ్లు చౌడుని రెండు రకాలుగా చెప్పేవాళ్లు, పాల చౌడు, కారు చౌడు అని. పాల చౌడంటే మాఘమాసం దాటేసరికి సున్నం చల్లినట్టు తెల్లగా పైకి తేలుద్దే, అది. కారు చౌడులో సోడియం మట్టినే పట్టేస్తది, నీళ్లు ఇంకవు, ఎండితే రాయి, తడిస్తే జిగురు, పరీక్ష చేయిస్తే పీహెచ్ 8.5 దాటి ఉంటది. జిప్సం ఈ రెండోదానికి మందు. అందులో కాల్షియం వెళ్లి మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలిస్తది, వదిలిన సోడియం నీళ్లలోకి దిగుద్ది, ఆ నీళ్లు చేలోంచి బయటికి పోవాలి. పాల చౌడుకైతే జిప్సంతో పనే లేదు, మంచినీళ్లు నిలగట్టి ఉప్పు కరిగించి వదిలేయడమే. ఏ చౌడైనా చివరికి నీళ్లు బయటికి పోతేనే కదండీ బాగుపడేది? ఆ నీళ్లు పోకపోతే ఎన్ని బస్తాలు చల్లినా సోడియం మళ్లీ అక్కడే కూర్చుంటది.

నా చేను రిపోర్టులో ఈసీ, అంటే మట్టిలో ఉప్పెంతుందో చెప్పే కొలత, 9 అని వచ్చింది. 4 దాటితేనే చౌడు నేల అంటారు, వరికైతే 3 దాటిన కాడి నుంచే దిగుబడి తగ్గడం మొదలు. ఆ కాగితం నా చేతికిచ్చిన కుర్రాడు మంచివాడే పాపం, "డ్రైన్ బాగుంటే రెండు మూడు పంట కార్లలో దిగిపోద్దండి" అన్నాడు. డ్రైన్ బాగుంటే.

ఇప్పుడు ఆ డ్రైన్ సంగతి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. మా ఊరు దాటిన దగ్గర్నుంచి గుర్రపుడెక్క, తూటికాడ, దాని మీద కిక్కిస, మనిషి నడిచిపోవచ్చు అన్నట్టు పేరుకుపోయింది. పూడిక తీసి ఎన్నేళ్లయిందో నాకు గుర్తులేదు, పైపైన తూడు తీయించి ఆ తూడు గట్టు మీదే వేస్తారు, మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారుద్ది. డ్రైన్ అడుగు ఇప్పుడు మా పల్లం మడులకన్నా మెరక. నీళ్లు పల్లానికి పోతాయి కాబట్టి మురుగు మా చేలోంచి డ్రైన్‌లోకి కాదు, డ్రైన్‌లోంచి మా చేలోకి వస్తుంది. అది ఒక ఎత్తు. మొగ దగ్గర స్లూయిజ్ ఇంకో ఎత్తు. పాటు ఉన్నప్పుడు లోపలి నీళ్ల తోపుకి తెరుచుకుని, పోటు రాగానే సముద్రం తోపుకి వాటంతటవే మూసుకునే తలుపులు ఉండేవి అక్కడ. ఎంత చక్కటి పని అదీ, కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఒకసారి ఇసుక బస్తాలు పేర్చారు, అవి ఒక వానాకాలం ఆగాయి. "ఎస్టిమేట్ పంపాం" అన్నారు ఒక ఏడు, "టెండర్ పిలిచాం, ఎవరూ రాలేదు" అన్నారు మరుసటేడు, "నిధుల్లేవు" అన్నారు పోయినేడు. ఈ లోపల అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం మా డ్రైన్‌లో మా ఊరి దాకా నడిచొస్తోంది. వేసవిలో కాలవలు కట్టేశాక డ్రైన్‌లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే కారంలా మండుద్ది. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుందండి. అది రోజూ మా గట్టు పక్కన నిలబడి ఉంటే చేను ఊరుకుంటుందా, వత్తి నూనె పీల్చినట్టు పీల్చుకుంటది.

పోయిన సార్వాలో జరిగింది చెప్తాను. శివారు కాబట్టి మాకు నీళ్లు ఆఖర్న వస్తాయి, ఆగస్టులో గానీ అందలేదు. అందగానే చేను నిండా పెట్టి, దమ్ము చేసి, రెండు రోజులుంచి ఆ నీళ్లు వదిలేశాను, మళ్లీ మంచినీళ్లు పెట్టాను, ఉప్పు కొంతైనా దిగుతుందని. నాట్లు వేయించాను. వేసిన ఆరో రోజు పౌర్ణమి. రాత్రి పోటుకి డ్రైన్ ఎదురెక్కి, నేను ఏ తూములోంచి ఉప్పునీళ్లు బయటికి వదిలానో అదే తూములోంచి లోపలికొచ్చింది. తెల్లారి వెళ్లి చూస్తే మడి నిండా ఉంది. మా ఆవిడ గట్టు మీద నుంచుని ఏం మాట్లాడలేదు. నాలుగు రోజులకి ఆకు కొసలు ఎర్రబడి, వారానికి పల్లం మడులు మొత్తం పోయాయి. వరికి నారు వయసులోనూ పూత అప్పుడూ ఉప్పు అస్సలు పడదు, అది అందరికీ తెలిసిందే. నారు కొని మళ్లీ వేశాను. ఎకరాకి పదకొండు బస్తాలు. ఇదే చేలో మా నాన్న హయాంలో ముప్పై ఇళ్లకొచ్చేవి. కౌలు మాత్రం తగ్గలేదు.

చౌడుకి తట్టుకునే రకాలు వేయమంటారు, వేస్తున్నాం సార్. బందరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలే మా వాళ్లు చాలామంది వేస్తున్నది, ఆ శాస్త్రవేత్తలకి చేతులెత్తి దండం పెడతాను, అవి లేకపోతే ఈపాటికి సగం ఊరు సేద్యం వదిలేసేది. జీలుగ చల్లి కలియదున్నుతున్నాం, చేను గట్లు ఎత్తు చేసుకున్నాం. మా చేతిలో ఉన్నవన్నీ చేస్తూనే ఉన్నాం. డ్రైన్ మా చేతిలో లేదు, అది మీ చేతిలో ఉంది.

1977 నవంబరు 19 ఉప్పెన మీకు నేను చెప్పక్కర్లేదు. మా నాన్నకి అప్పుడు ఇరవై రెండేళ్లు. సముద్రం చేలమీద నుంచి పోయాక ఇంక ఈ నేల పనికిరాదన్నారట అందరూ. మూడో ఏటికి పంట పండించామని ఆయన ఇప్పటికీ చెప్తాడు. ఎలా నాన్నా అంటే, "వానలు కడిగాయి, డ్రైను లాగేసింది" అంటాడు, ఆ రెండు ముక్కలే. అంత ఉప్పెన ఉప్పే పోయిన నేలండి ఇది. ఇప్పుడు ఉప్పెన లేకుండానే ఏడాదికేడాది చౌడెక్కుతోంది.

ఇంకో లెక్క చెప్తాను, తప్పైతే మీ ఇంజనీర్లని సరిచేయమనండి. కాలవ నీళ్లు మంచినీళ్లే అయినా అందులోనూ కొంచెం ఉప్పుంటది. లీటరుకి అర గ్రామే అనుకుందాం. ఎకరా వరికి కారు మొత్తం మీద మీటరు ఎత్తు నీళ్లు పెట్టామనుకుంటే నలభై లక్షల లీటర్లు, అంటే రెండు టన్నుల ఉప్పు. మొక్క నీళ్లు తాగుద్ది, ఎండ నీళ్లు తాగుద్ది, ఉప్పుని ఎవరూ తాగరు. అది చేలోనే ఉంటది, బయటికి తీస్తే తప్ప. కాబట్టి 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో నీళ్లు తేవడం ఎంత పనో నీళ్లు తీయడం కూడా అంతే పని. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా డ్రైన్లని వెడల్పు చేయమని చెప్పింది, 1968లో డ్రైనేజీ సెస్సుకి చట్టమే వచ్చింది, అంటే అప్పటి పెద్దలకి ఈ విషయం తెలుసు. తర్వాత తర్వాత కాలవకున్న గౌరవం డ్రైనుకి లేకుండా పోయింది. కాలవకి నీళ్లు వదిలితే పూలు చల్లి ఫొటో దిగుతారు, డ్రైన్ పూడిక తీస్తే ఎవరూ రారు. మీరు రండి, మేం పూలు తెస్తాం.

ఇక రొయ్యల చెరువుల సంగతి. ఇది రాయడం నాకూ ఇబ్బందే, చెరువులు తవ్వినవాళ్లూ మా ఊరివాళ్లే, మా బావమరిదికీ ఉంది. చౌడెక్కి పండక పోతేనే కదా వాళ్లు చెరువు తవ్వింది. కానీ రొయ్యలకి ఉప్పునీళ్లు తోడి, పట్టుబడి అయ్యాక అదే నీళ్లు పంట డ్రైన్‌లోకి వదిలేస్తే పక్క చేను ఏమవ్వాలి? ఒక చేను చౌడెక్కి చెరువైతే ఆ చెరువు ఊటకి పక్క చేను చౌడెక్కి అదీ చెరువవుద్ది, మా పక్కన ఇలాగే వరసగా పోయాయి. వాళ్లని కొట్టమని అడగట్లేదు. వాళ్ల నీళ్లకి వేరే దారి చూపించమంటున్నాను, పంట డ్రైన్‌లో కలవకుండా.

ఇదేదో చేతకాని పని అయితే నేను నోరు మూసుకునేవాణ్ణి. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు డచ్చి వాళ్లతో కలిసి కొనంకిలో, ఉప్పుగుండూరులో నేల కింద చిల్లుల పైపులు వేసి ఉప్పునీళ్లు బయటికి లాగి చూపించారు కదండీ, పాతికేళ్లయింది. మన దగ్గర మన నేలలోనే చేసింది. ఆ పైపులు మా శివారుకి ఎందుకు రాలేదు? సరే పైపులు వేసినా అవి కూడా వెళ్లి కలవాల్సింది ఆ డ్రైన్‌లోనే, డ్రైన్ పూడిపోతే పైపులూ దండగ, అందుకే ముందు డ్రైన్ అంటున్నాను, ఎటు తిప్పి రాసినా అక్కడికే వస్తున్నాను.

సముద్రం దూరంగా ఉన్న పొలాల వాళ్ల కష్టం వేరు. కాలిఫోర్నియాలో పొలాల ఉప్పునీళ్లు సముద్రం దాకా తీసుకెళ్లలేక మధ్యలో కెస్టర్సన్ అనే చోట మడుగుల్లో వదిలితే, ఆ నీళ్లలో ఎక్కువైతే విషమయ్యే సెలీనియం పేరుకుని 1983లో పక్షి పిల్లలు అవకరంతో పుట్టాయి, చివరికి ఆ డ్రైన్ మూసేయాల్సొచ్చింది. వాళ్లకి ఉప్పు ఎక్కడ పెట్టాలో తెలీని పరిస్థితి. మాకు సముద్రం పోటు చప్పుడు వినపడేంత దగ్గరుంది. ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పంపడానికి రెండు ఇనప తలుపులు, కొన్ని కిలోమీటర్ల పూడిక, అంతే.

అయ్యా, మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చి చేను చూసి "అమ్మేద్దాం నాన్నా" అన్నాడు. కొనేది ఎవరు, చెరువు తవ్వేవాళ్లు తప్ప. వాడి మాట తప్పు కాదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తలుపులు పెట్టించండి. వచ్చే వేసవిలో కాలవలు కట్టేసిన రోజు నుంచి నాట్ల లోపు డ్రైన్ అడుగుదాకా పూడిక తీయించండి, తీసిన మట్టి గట్టు అవతలికి తోలించండి. శివారుకి జూలైలో నీళ్లివ్వండి, ఒక తడి ఎక్కువ ఇవ్వండి, చేను కడుక్కోడానికి. తలుపులు ముందు పెట్టించండి, మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాం. ఒక్కసారి మీరే రండి సార్, ఆఫీసర్లు చెప్పే రోజున కాదు, పౌర్ణమి రోజున పోటు వేళకి రండి. స్లూయిజ్ మీద నుంచుంటే నీళ్లు ఎటు పోతున్నాయో మీకే కనపడుద్ది. ఆ రోజు నా రసీదులు ఏడూ తీసుకుని నేనూ అక్కడే ఉంటాను.

ఇట్లు,
దివిసీమ శివారు రైతు