మా తందూరు మాస్టరు మార్చిలో మానేస్తున్నారు: బ్రిటన్ హోం మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి గారికి,

నేను గుంటూరు నుంచి తూర్పు లండన్‌కు చదువుకోవడానికి వచ్చినవాణ్ని. వారానికి 20 గంటలు ఒక రెస్టారెంటు వంటింట్లో పనిచేస్తాను. బోర్డు మీద ‘ఇండియన్’ అని ఉంటుంది, లోపల అందరూ మాట్లాడుకునేది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతపు భాష, సిల్హెటీ. ఈ దేశంలో అలాంటి రెస్టారెంట్లు ఎక్కువగా బంగ్లాదేశ్ వాళ్లవేనని మీకు నేను చెప్పక్కర్లేదు. 1960లో మొదలైన బంగ్లాదేశ్ క్యాటరర్స్ అసోసియేషన్ వంటవాళ్లను రానివ్వమని ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉంది.

2016లో బ్రెగ్జిట్ రెఫరెండం ముందు అప్పటి మంత్రి ప్రీతి పటేల్ గారు ఏమన్నారో మా యజమాని ఇప్పటికీ తలుచుకుంటారు. యూరోపియన్ యూనియన్‌లోంచి బయటపడితే కర్రీ హౌస్‌లు, అంటే మాలాంటి రెస్టారెంట్లు, బతుకుతాయన్నారు. ఆయన నమ్మి ఓటేశారు. తర్వాత ఆవిడే మీ కుర్చీలో కూర్చున్నారు కూడా. ఒరిగిందేమిటి? 2024 ఏప్రిల్‌లో బయటినుంచి పనివాళ్లను రప్పించే వీసాకి కావలసిన కనీస వార్షిక జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి ఎగబాకింది. ఆ ఏప్రిల్లోనే మేం ఆశ వదులుకున్నాం. 2025 జూలై 22న, వంట డిగ్రీ స్థాయి ఉద్యోగం కాదంటూ, బయటినుంచి కొత్తగా వంటవాణ్ని పిలిపించుకునే దారే మూసేశారు.

అమ్మా, తందూరు పనికి డిగ్రీ ఎవరిస్తారు? మా మాస్టరుకి 63 ఏళ్లు. నిప్పులు చిమ్మే పొయ్యిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి నాన్ గోడకి అతికిస్తారు. రంగు చూసి తీస్తారు, గడియారం చూడరు. ఆ చేతిమీద వెంట్రుక మొలిచి ఎన్నేళ్లయిందో. మోకాళ్లు అరిగిపోయి ఇప్పుడు స్టూలు మీద కూర్చుని పిండి ముద్దలు చేస్తున్నారు. ఇక్కడివాళ్లకే నేర్పించుకోమంటారు. నేర్పించాం. ఒకబ్బాయి తొమ్మిది రోజులున్నాడు, ఇంకొకడు శనివారం రాత్రి రద్దీ చూసి మళ్లీ రాలేదు. యజమాని కూతురు ఫార్మసిస్టు, కొడుకు అకౌంటెంటు. ఈ పొయ్యి దగ్గరికి వాళ్లు రాకూడదనే కదా ఆయన ఇన్నేళ్లు కష్టపడింది! నేను నేర్చుకుందామంటే విద్యార్థి వీసా మీద నాకున్నవి ఆ 20 గంటలే.

ఇప్పుడు సోమ, మంగళవారాలు తలుపు తియ్యడం లేదు. ఆదివారం తందూరు వెలిగించడం లేదు. వాళ్ల చేతి తిండి తిన్నవాణ్ని కాబట్టి నాకు ఇది బాధ. లండన్‌లో దిగిన మొదటి వారం అద్దెకి డబ్బుల్లేక తిరుగుతుంటే పని ఇచ్చి, సాత్‌కొరా అనే నిమ్మజాతి కాయ వేసిన చేపల కూరతో అన్నం పెట్టింది ఈ వంటింటివాళ్లే.

శాశ్వత నివాసం అడగడం లేదు. రెండేళ్ల వీసా ఇవ్వండి, గడువు తీరాక తిరిగి వెళ్లాలనే షరతు పెట్టండి. మీకు వీలైన ఇంకేదైనా దారి ఉంటే అదైనా చూపించండి. వంటవాళ్లను రానివ్వండి, మంత్రి గారూ. మాస్టరు మార్చిలో మానేస్తున్నారు. ఆలోపు ఒక్కరు వచ్చినా ఆయన పక్కన నిలబడి పని నేర్చుకుంటారు.

ఇట్లు,
తూర్పు లండన్ నుంచి ఒక విద్యార్థి