డబ్బంతా కట్టేశాక కూడా ఫోన్‌కు తాళమేంటి?

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా ఇంట్లో ఒక కంపెనీ సిగ్నల్ వీధి గుమ్మంలో వస్తే ఇంకో కంపెనీది పెరట్లో వస్తుంది, అందుకే ఇటు సిమ్ ఒకటి, అటు సిమ్ ఒకటి పెట్టుకుని ఏది పనిచేస్తే అది వాడుకోవడం మాకు అలవాటు. ఇలాంటి చోట ఒకే కంపెనీ సిమ్ తీసుకునే ఫోన్ చేతికొస్తే ఎంత యాతనో ఈ మూడు నెలల్లో నాకు తెలిసొచ్చింది.

సంక్రాంతికి వచ్చినవాళ్ల చేత మా తమ్ముడు అమెరికా నుంచి తన పాత ఐఫోన్ అమ్మకు పంపాడు. అమ్మ కాశీనగర్ దగ్గర పల్లెలో ఉంటుంది, మనవరాలిని వీడియోలో చూసుకోవాలని ఆమె ఆశ. సిమ్ వేస్తే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చింది. తీసి, కొంగుతో తుడిచి మళ్లీ వేశాను. అదే మాట. బజార్లో మొదటి షాపు అబ్బాయి “ప్యాటర్న్ మర్చిపోయావా అక్కా?” అన్నాడు. తప్పు అతనిది కాదు, ఇక్కడ లాక్ అంటే స్క్రీన్ లాకే అనుకుంటాం. తమ సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా, ఫోన్ అమ్మిన సిమ్ కంపెనీ వేసే నెట్‌వర్క్ లాక్ వేరే ఉంటుందని నాకూ అప్పటిదాకా తెలీదు.

రెండో షాపులో గోరు కంటే పలచటి చిప్ ఒకటి సిమ్ కింద అంటించి 1,800 తీసుకున్నారు. తొమ్మిది రోజులు పనిచేసింది. ఆ తర్వాత ఫోన్ అప్‌డేట్ అయింది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకాయన ఐఎంఈఐ నంబరే, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరే, మార్చేస్తానన్నాడు. దయచేసి ఎవరూ దీనికి ఒప్పుకోకండి, 2023 టెలికాం చట్టం ప్రకారం అది 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడే నేరం.

ఇక తమ్ముడే అక్కడి కంపెనీ వెంటపడ్డాడు. ఫోన్ ఎవరి పేరున కొన్నారో వాళ్లే అడగాలట. రెండు వాయిదాలు మిగిలాయన్నారు, కట్టేశాడు. కట్టాక ఆగమన్నారు, మళ్లీ అడిగితే అర్జీ అందలేదన్నారు, అలా ఐదు వారాలు గడిచాయి. ఒక రాత్రి వాడు ఫోన్ చేసి “అయిపోయిందే అక్కా, వైఫై కలిపి సిమ్ వెయ్యి” అన్నాడు. వేశాను, నిమిషంలో సిగ్నల్ వచ్చింది. వాళ్లు ఆ ఫోన్‌ని ముట్టుకోలేదు, కంటితో చూడలేదు, తమ కంప్యూటర్‌లో మా ఐఎంఈఐకి ఉన్న అడ్డు తీసేశారు, అంతే. ఆ ఒక్క నిమిషం పనికి ఐదు వారాలు తిప్పుతారా?

వాయిదాలు బాకీ ఉన్నంతకాలం లాక్ వేశారంటే అర్థం చేసుకోగలను. బాకీ తీరిన మర్నాడు కూడా ఆ తాళం వాళ్ల చేతిలో ఎందుకుండాలి? కెనడాలో 2017 డిసెంబర్ 1 నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు, పాతవాటికి ఉచితంగా తీసెయ్యాలి. బ్రిటన్‌లో 2021 డిసెంబర్ నుంచి ఇలా అమ్మడం నిషేధం. అమెరికాలో లాక్ తీయించుకునే వీలు కల్పిస్తూ 2014లోనే చట్టం వచ్చింది, అయినా మా తమ్ముడు ఇంత తిరగాల్సి వచ్చింది. మన దేశంలో ఫోన్లు ఎక్కువగా లాక్ లేకుండానే వస్తాయి కాబట్టి ఇది మన సమస్య కాదనుకుంటాం. కానీ చవగ్గా వస్తోందని ఒకే కంపెనీ సిమ్ పట్టే ఫోన్లు ఇక్కడా కొన్నాం. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబర్ మార్చకుండా కంపెనీ మారే హక్కు మనకుంది కదా, ఫోనే మారనివ్వకపోతే ఆ హక్కు దేనికి?

టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్, టెలికాం శాఖ ఈ విషయం పట్టించుకోవాలి. లాక్ ఉన్న ఫోన్ కొత్తదైనా పాతదైనా అమ్మేటప్పుడు ఆ సంగతి డబ్బా మీద ఒడియాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. మా అమ్మ ఫోన్ డబ్బా మీద ఆ ముక్క ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా నాకు దొరకలేదు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే, అది గుర్తొస్తే ఇంకా బాధేస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. పంపేముందే లాక్ తీయించండి, ఇక్కడున్నవాళ్లు అడిగితే ఆ కంపెనీలు పలకవు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో చూడండి. ఇక్కడ పాత ఫోన్ కొనేవాళ్లు షాపులోనే మీ సిమ్ వేసి, ఒక కాల్ మాట్లాడి, అప్పుడే డబ్బివ్వండి.

– ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా