మా అమ్మ రిపోర్టు ఇంకా మీ దగ్గరే ఉంది

మారతహళ్లి, బెంగళూరు

గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్ గారికి,

విషయం: మీ రక్తపరీక్షల యాప్‌లో మా అమ్మ ఖాతా తొలగించమని అడిగి 47 రోజులైనా సరైన జవాబు ఇవ్వకపోవడం

అయ్యా/అమ్మా,

మీ పేరు రాద్దామని మీ వెబ్‌సైటంతా వెతికాను. ఎక్కడా లేదు. అందుకే హోదా పేరుతోనే రాయాల్సి వచ్చింది.

2021 నుంచి మా ఇంట్లో రక్తపరీక్షలన్నీ మీ దగ్గరే చేయించుకున్నాం. ఉదయం ఆరున్నరకి ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే అబ్బాయి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నరం దొరక్క అమ్మ భయపడుతుంటే, కూర్చోబెట్టి మాట్లాడించి నొప్పి తెలియకుండా తీశాడు. ఆ నమ్మకంతోనే మా అపార్ట్‌మెంట్‌లో పది కుటుంబాలకి మీ యాప్ చెప్పాను.

అలా అమ్మకి షుగర్ పరీక్ష చేయించిన వారానికి ఆవిడ ఫోన్‌కి కాల్స్ మొదలయ్యాయి. షుగర్ మందుల మీద డిస్కౌంటని ఒకరు, డయాబెటిస్ ప్యాకేజీ అని ఇంకొకరు. అందరూ తెలుగులోనే, అమ్మ పేరు పెట్టి మరీ. ప్రొద్దుటూరులో చుట్టాలకి కూడా అమ్మ తన జబ్బు సంగతి చెప్పుకోలేదు. "ఏం నాయనా, నా సుగర్ సంగతి వాళ్లకెవరు చెప్పినారు?" అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రిపోర్టు మీ దగ్గర, మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ రోజే ఖాతా తొలగించమని అడిగాను. మీ చాట్‌లో ఐదు ఆప్షన్లున్నాయి, తొలగించడం అనేది వాటిలో లేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకావిడ హిందీలో విని, కన్నడ లైన్‌కి కలిపారు. కన్నడ లైన్‌లో "ఒక్క నిమిషం" అన్నారు. 22 నిమిషాలు పాట విన్నాక కాల్ కట్టయింది. మర్నాడు "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. ఇలా మూడు టికెట్లు వాటంతటవే మూసుకుపోయాయి. నాలుగోసారి, ఖాతా తొలగించాలంటే అమ్మ ఆధార్ రెండువైపులా ఫొటో తీసి పంపమన్నారు. ఖాతా తెరిచినప్పుడు ఓటీపీ చాలింది. తీసేయడానికి, మీ దగ్గర లేని ఆధార్ కూడా మీకివ్వాలా?

ఐదోసారి తెలుగబ్బాయి ఎత్తాడు. మర్యాదగా మాట్లాడాడు, అది ఒప్పుకుంటాను. కానీ ఖాతా దొరికిందని నాకు నమ్మకం కలిగించడానికి, అమ్మ మూడు నెలల షుగర్ సగటు అంకెతో సహా చదివి వినిపించాడు. ఓటీపీ అడగలేదు, నేనెవరో అడగలేదు. "ఇదంతా మీకు కనిపిస్తుందా?" అంటే "మా అందరికీ కనిపిస్తుంది సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు. ఫోనెత్తే ప్రతి మనిషి తెర మీదా రోగుల రిపోర్టులు పరిచిపెట్టినవాళ్లది.

చివరికి 31వ రోజున "తొలగించాం" అని మెయిల్ వచ్చింది. అదే నంబరుతో లాగిన్ నొక్కితే ఓటీపీ వచ్చింది, అమ్మ పేరుతో స్వాగతం పలికింది, పాత రిపోర్టులన్నీ కనిపించాయి. ఇదేమిటని అడిగితే మీ టెక్నికల్ టీం రాసిన జవాబు దగ్గరే ఉంచుకున్నాను: "మేము వాడేది పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్, అందులో డేటా పూర్తిగా తీసివేయడం సాధ్యం కాదు."

కంప్యూటర్లలో సమాచారం దాచే డేటాబేస్‌లను చూసుకునే పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం పోస్ట్‌గ్రెస్ మీదే. 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలై, 1996లో ఇప్పటి పేరు తెచ్చుకుని, కోడ్ ఎవరైనా చూడగలిగేలా ఎన్నో దేశాల వాళ్లు కలిసి రాస్తున్న సాఫ్ట్‌వేర్ అది. నాకు అన్నం పెట్టింది. అందులో డిలీట్ అనే కమాండ్ ఉంది. డిలీట్ చేసిన వరుస, అంటే ఒక రికార్డు, ఆ క్షణమే డిస్క్ మీంచి పోదు, వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని నడిచాక ఆ చోటు ఖాళీ అవుతుంది. బ్యాకప్‌లలో ఇంకొన్నాళ్లు మిగులుతుంది. ఆ మాటే చెప్పి గడువు అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. మీరు చేసింది, ఆ వరుస పక్కన "తొలగించాం" అని ఒక గుర్తు పెట్టడం. లాగిన్ దగ్గర ఆ గుర్తును కూడా చూడటం లేదు. మీ తప్పుని ఓపెన్ సోర్స్ మీదికి నెట్టకండి. అందరికీ తెరిచి ఉండాల్సింది దాని కోడ్. మా అమ్మ రిపోర్టు కాదు.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ఆ కేసు వేసినాయన కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జడ్జిగారు. 2023 డేటా రక్షణ చట్టం పేరెత్తితే మీ లీగల్ విభాగం అమలు తేదీల గురించి మాట్లాడుతుందని తెలుసు. అందుకే పాతదే చెబుతున్నాను: 2011 ఐటీ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, వివరాలు వెబ్‌సైటులో పెట్టాలి, ఫిర్యాదును నెలలోపు పరిష్కరించాలి. వైద్య రికార్డులు ఆ నిబంధనల కిందికే వస్తాయి. నెల దాటిపోయింది.

అమ్మ ఇప్పుడు తెలియని నంబరైతే ఫోనెత్తడం లేదు. మొన్న మా చిన్నాన్న కొత్త నంబరు నుంచి మూడుసార్లు చేస్తే, మూడుసార్లూ భయపడి పక్కన పెట్టింది. ఆ రిపోర్టు ఎవరెవరికి, ఎప్పుడు ఇచ్చారో నాకు రాతపూర్వకంగా కావాలి, వాళ్ల దగ్గర కూడా తీయించాలి. ఖాతా నిజంగా తీసేయాలి, బ్యాకప్‌లు ఏ తేదీకి పోతాయో చెప్పాలి. అమ్మకి మీరే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలి, తెలుగులో.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత బెంగళూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కాల్స్ వచ్చిన తేదీలు, నంబర్లు, టికెట్లు, మీ మెయిళ్లు అన్నీ ఫైల్ చేసి ఉంచాను. మీ యాప్ చెప్పిన పది కుటుంబాలకి కూడా జరిగింది నేనే స్వయంగా చెబుతాను. చెప్పిన బాధ్యత నాది.

దీనికి జవాబుగా ఇంకో టికెట్ నంబరు పంపకండి. పేరు, సంతకం ఉన్న మనిషి దగ్గర్నుంచి ఉత్తరం రావాలి.

ఇట్లు,
నాలుగేళ్లకు పైగా మిమ్మల్ని నమ్మిన ఒక కస్టమర్